మూలబడిన పచ్చికకోత యంత్రము

అమెరికా దేశపు పట్టణ శివారు పేటలలో, మంచు కరగి ఏప్రిల్ మాసము ప్రవేశించి, ఇండ్ల ముందరి పచ్చిక ఏపుగా పెరుగ నారంభించిన కొలది దినములకే, చెత్తబండి వచ్చుటకు ముందటి సాయంకాలమున వీథి అంచున పెట్టిన వస్తువుల నడుమ పాతబడిన పెట్రోలు కోతయంత్ర మొకటి తఱచుగా కానవచ్చును. దాని చక్రములు సరిగానే యుండును, కత్తి వంగియుండదు, ఇంజను దిమ్మెలో పగులుండదు. కాని చలికాల మంతయు గరాజు మూలను పడియున్న ఆ యంత్రము, వసంతమున తాడు లాగినప్పుడు పలుకలేదు. ఎన్ని మారులు లాగినను పలుకలేదు. యజమాని విసిగి కొత్తదానిని కొని తెచ్చుకొని పాతదానిని వీథిపాలు చేసెను. ఇట్లు విసర్జింపబడిన యంత్రములలో అనేకములు చచ్చినవి కావనియు, వానియందలి దోషము మిక్కిలి సామాన్యమైన దనియు, దానిని వెదకు క్రమము తెలిసినచో ఏ గృహస్థుడైనను ఒక పూటలో స్వహస్తములతో సవరించుకొనగల డనియు నా నిశ్చితాభిప్రాయము.

ఈ యంత్రము పుట్టినది బట్టల మిల్లు పొరుగున. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ సీమయందు, స్ట్రౌడ్ పట్టణ సమీపమున, ఎడ్విన్ బడ్డింగ్ అను యంత్రశిల్పి, ఉన్నిబట్టపై లేచిన నూగును సమముగా కత్తిరించుటకు మిల్లులలో వాడు చుట్టుకత్తుల పద్ధతినే పచ్చికకును అన్వయించి, 1830 ఆగస్టు 31వ తేదీన పేటెంటు పొందెను. అంతవరకు శ్రీమంతుల తోటలలో పచ్చికను కొడవళ్లతో కోయుటయో, గొఱ్ఱెలచే మేపించుటయో జరుగుచుండెడిది. 1902లో ఇప్స్‌విచ్ పట్టణమందలి రాన్సమ్స్ కంపెనీ పెట్రోలు ఇంజను గల యంత్రమును అమ్మకమునకు తెచ్చినను, అది సామాన్యుని ఇంటికి చేరుటకు రెండవ ప్రపంచయుద్ధము ముగియవలసి వచ్చెను. 1952లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ అను నాతడు పీచ్‌పండ్ల డబ్బాను పెట్రోలు టాంకుగా అమర్చి తన మొదటి విక్టా యంత్రమును నిర్మించెను. మఱుసటి సంవత్సరమే అమెరికాలో మిల్వాకీ నగరపు బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ అల్యూమినియముతో పోతపోసిన తేలికైన ఇంజనును ప్రవేశపెట్టెను. నేటికిని గరాజులలో కనిపించు పాతయంత్రములు అధికభాగము ఈ వంశమునకు చెందినవే: ఒకే సిలిండరు, ఒకే కత్తి, సామాన్యమైన పానకు లొంగు నట్లు, బోల్టులు. విప్పుటకు వీలుగా చేసిన వస్తువు గనుకనే అది నిలుపుకొనదగిన వస్తువైనది.

న్యూజెర్సీ యందలి ఎడిసన్ పరిసరములలోను, టెక్సస్ యందలి డాలస్ చుట్టుపట్ల పేటలలోను స్వంత ఇండ్లు కొనుక్కొన్న తెలుగు కుటుంబములకు పచ్చిక కోయుట ఇష్టాయిష్టములకు సంబంధించిన విషయము కాదు. డాలస్ నగర శాసనముల ననుసరించి గడ్డి 12 అంగుళములకు మించి పెరుగనిచ్చుట తప్పు; పేట సంఘముల నియమములు ఇంకను కఠినములు. పశువుల మేతకు గడ్డికోసిన ఊళ్లనుండి వచ్చినవారికి, ఇంటి ముందరి గడ్డిని చూపుకొఱకు వారము వారము కోయుట మొదట వింతగానే తోచును. రెండు వేసవులు గడచునప్పటికి అదియు ఇంటిపనులలో ఒకటి యగును.

నా మిత్రు డొకడు న్యూజెర్సీలో ఇల్లు కొన్నప్పుడు పెరటి కొట్టములో పూర్వపు యజమాని విడిచిపోయిన కోతయంత్రము దొరికెను. గుంటూరు జిల్లానుండి కుమారుని చూచిపోవుటకు వచ్చిన అతని తండ్రిగారు, ఒకప్పుడు కాలువ గట్టున పెట్రోలుతో స్టార్టుచేసి కిరోసిన్ మీద నడుపు నీటి ఇంజనును తానే విప్పి తానే బిగించుకొన్న రైతు. ఆయన టాంకు మూత తీసి ఒకమారు వాసన చూచి, "ఒరే అబ్బాయ్, ఇది చావలేదురా. గొంతు పూడుకుపోయింది, అంతే. ఆ పాత పెట్రోలు తీసేసి కార్బొరేటరు ఊడదియ్యి" అనెను. అప్పుడు ఆ యంత్రమును విప్పిన క్రమమునే ఇందు వివరింతును. ఏలయన, అది ప్రతి యింటను పనికివచ్చు క్రమము.

ముందుగా ఇంజను నడచు విధమును గ్రహింపవలెను. జర్మనీ దేశమున నికొలాస్ ఆటో 1876లో సాధించిన నాలుగు దశల పద్ధతియే ఇందును గలదు. పిస్టను క్రిందికి దిగుచు పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని పీల్చును. పైకి వచ్చుచు దానిని నొక్కును. అంత స్పార్కుప్లగ్గు నిప్పురవ్వను విడువగా వాయువు మండి వ్యాకోచించి పిస్టనును బలముగా క్రిందికి నెట్టును. మరల పైకి వచ్చు పిస్టను పొగను వెలికి గెంటును. కావున ఇంజను పలుకకున్నచో కారణము మూడింటిలో ఒకటి: గాలితో సరిపాళ్లుగా కలిసిన ఇంధనము అందకపోవుటయో, సకాలమున నిప్పురవ్వ పడకపోవుటయో, సిలిండరులోని ఒత్తిడి జాఱిపోవుటయో. ఈ మూడింటిని వరుసగా పరీక్షించువానికి దోషము దొరకక మానదు. వరుస లేక తోచిన దానిని మార్చువాడు కొత్త యంత్రపు ఖరీదును విడిభాగములకే వెచ్చించును.

ఆ పరీక్ష అతిసులభము. స్పార్కుప్లగ్గు ఊడదీసి, చిన్న చెంచాలో సగము క్రొత్త పెట్రోలును సిలిండరులో పోసి, చిందినదానిని తుడిచి, ప్లగ్గును తిరిగి బిగించి తాడు లాగవలెను. ఇంజను రెండు మూడు క్షణములు గర్జించి ఆగిపోయినచో, నిప్పురవ్వయు ఒత్తిడియు సరిగానే యున్న వనియు, ఇంధనము దారిలో ఎక్కడనో నిలిచిపోయిన దనియు అర్థము. అసలే పలుకనిచో దృష్టిని నిప్పురవ్వవైపు మరల్చవలెను. మిత్రుని యంత్రము మూడు క్షణములు పలికి ఆగిపోయెను. ముసలాయన చెప్పిన రోగమే నిజమాయెను.

పెట్రోలు నిలువయుండు పదార్థము కాదను సంగతి కారు నడుపువారికి తెలియదు, ఏలయన కారు టాంకు వారమునకో పక్షమునకో ఖాళీ యగుచునే యుండును. కోతయంత్రపు టాంకులో అక్టోబరునుండి ఏప్రిల్ వరకు నిలిచిన పెట్రోలులోని తేలిక అంశములు ఎగిరిపోయి, మిగిలినవి గాలితో కలిసి బంకవంటి మడ్డిగా మారును. నెలదినములు మించి నిలిచిన పెట్రోలును వాడవలదని ఇంజను తయారుచేయువారే చెప్పుచున్నారు. దీనికి తోడు అమెరికాలో అమ్ము పెట్రోలులో సాధారణముగా 10 శాతమువరకు ఇథనాల్ ఉండును. ఇథనాల్‌కు నీటిని పీల్చుకొను గుణము గలదు. చలికాలపు తేమ అందులో చేరి ఒక మోతాదు మించగానే నీరును ఇథనాలును కలిసి పెట్రోలునుండి విడిపోయి టాంకు అడుగునకు దిగును. కార్బొరేటరునకు పోవు దారి అడుగుననే యుండును గనుక ఇంజనునకు మొదట అందునది ఆ నీళ్లే. 15 శాతము ఇథనాల్ గల పెట్రోలు చౌకగా దొరకు చోట్లు గలవు గాని, దానిని ఈ చిన్న ఇంజనులలో పోయుటను అమెరికా ప్రభుత్వపు పర్యావరణ రక్షణ సంస్థ నిషేధించినది.

పాత పెట్రోలును వేఱొక డబ్బాలోనికి తీసి, దానిని నేలపైనను కాలువలోనను పారబోయక, కౌంటీవారి ప్రమాదకర వ్యర్థముల సేకరణకు అప్పగింపవలెను. పిమ్మట కార్బొరేటరు. దానికి తగిలియున్న చిన్న చిన్న స్ప్రింగులును కడ్డీలును ఏ రంధ్రమున ఏది చేరినదో తరువాత గుర్తుండదు. కావున విప్పుటకు ముందే ఫోటో తీసికొనుట వివేకము. అడుగుననున్న ఒకే బోల్టును విప్పినచో పెట్రోలు నిలుచు గిన్నె చేతికి ఊడివచ్చును. మిత్రుని యంత్రమున ఆ గిన్నెలో అడుగున తేనెరంగు జిగురు పొరగా పట్టియుండెను. గోటితో గీసిన లక్కవలె లేచెను. దాని క్రింద లోహము తెల్లని చిలుము పట్టి గరుకుదేలి యుండెను. గిన్నె పట్టియుంచు ఆ బోల్టే కొన్ని యింజనులలో పెట్రోలు పోవు జెట్టుగా కూడ పనిచేయును. దాని ప్రక్కన గుండుసూది సైతము దూరని సన్నని రంధ్ర ముండును. దీపమునకు ఎదురుగా పట్టి చూచినప్పుడు ఆ రంధ్రమునుండి వెలుగు రాలేదు. యంత్రమంతయు మూలబడుటకు కారణము అదియే: ఇసుకరేణువు పాటి మడ్డి.

కార్బొరేటరు శుభ్రపఱచు స్ప్రేను కొట్టి కొంతసేపు నాననిచ్చి, కరెంటు తీగలోని రాగిపోగు నొకదానిని ఆ రంధ్రమున దూర్చి మెల్లగా ఆడింపవలెను. ఉక్కుసూది వాడరాదు, ఇత్తడి రంధ్రము గీచుకొని పెద్దదైనచో పెట్రోలు పాలు మారిపోవును. వెలుగు గుండ్రముగా కనబడువరకు ఈ పని సాగవలెను. గిన్నెలోని తేలుబిళ్లయు, అది మూయు సూదివాల్వును స్వేచ్ఛగా కదలుచున్నవో లేవో చూచి, గట్టిపడిన రబ్బరు చుట్టును మార్చి, తిరిగి బిగించినచో సరిపోవును. పాతకాలపు కొన్ని ఇంజనులలో గిన్నెకు బదులు కార్బొరేటరు టాంకుమీదనే కూర్చుండి, పలుచని పొర యొకటి పంపుగా పనిచేసి పెట్రోలును పైకి తీయును. ఆ పొర యేండ్లు గడచినకొలది బిరుసెక్కి ముడుతలు పడును. దానిని మార్చుటయే చికిత్స. దీని ఖరీదు అత్యల్పము.

గాలి ఫిల్టరును గూర్చి పెద్దగా చెప్పవలసినది లేదు. కాగితపుదైనచో మురికిపట్టగానే మార్చవలెను. స్పాంజిదైనచో సబ్బునీట కడిగి, ఆరబెట్టి, రెండు బొట్లు ఇంజనాయిలు పట్టించి పిండి పెట్టవలెను. ఫిల్టరు లేకుండ నడుపరాదు.

ఇక నిప్పురవ్వ. ప్లగ్గు కొనలు రెండింటి నడుమ ఎడము బ్రిగ్స్ ఇంజనులలో 0.030 అంగుళము, అనగా సుమారు ముప్పాతిక మిల్లీమీటరు. మసిపట్టి నల్లబడిన ప్లగ్గును తోమి వాడుటకంటె క్రొత్తదానిని బిగించుట మేలు. క్రొత్త ప్లగ్గుతోను రవ్వ పడనిచో, పైతొడుగు తీసి, ఫ్లైవీలు అను బరువైన చక్రపు అంచునకును, రవ్వను పుట్టించు కాయిలునకును నడుమ ఎడమును చూడవలెను. అది అంగుళములో నూఱవ వంతు పాటిగా ఉండవలెను. ఫ్లైవీలు అయస్కాంతముపై తుప్పుపట్టినచో సన్నని ఉప్పుకాగితముతో రుద్దవలెను.

చాల మందికి తెలియని దోష మొకటి ఈ ఫ్లైవీలు క్రిందనే దాగియుండును. ఫ్లైవీలును షాఫ్టును కలుపు గాడిలో చిన్న మెత్తని లోహపు కీలు ఒకటి కలదు. కత్తి రాతికో చెట్టుమొద్దుకో తగిలి హఠాత్తుగా ఆగినప్పుడు, ఆ దెబ్బకు ఈ కీలు సగము తెగి ఫ్లైవీలు రవ్వంత ప్రక్కకు జరుగును. అప్పుడు ప్లగ్గు పరీక్షించిన రవ్వ కనబడును, పెట్రోలు అందును, అయినను ఇంజను పలుకదు. పలికినను తాడును వెనుకకు గుంజి చేతిని నొప్పించును. ఏలయన రవ్వ పడవలసిన క్షణమున పడుట లేదు. "మొన్న రాతికి తగిలినప్పటినుండి స్టార్టు కావడం లేదు" అని ఎవరైన చెప్పినచో ముందుగా ఈ కీలునే చూడవలెను. నట్టు విప్పి చూచినప్పుడు గాడి రెండు ముక్కలుగా మెట్టువేసినట్లు కానవచ్చును.

ఇంజనాయిలును గూర్చి యజమానులు చూపు అలక్ష్యము నాకు మిక్కిలి బాధ కలిగించును. కారులో సాధారణముగా నాలుగైదు లీటర్లు పట్టు ఆయిలు ఇందులో అరలీటరునకు కొంచెము మించి మాత్రమే పట్టును. దానిని వడగట్టు ఫిల్టరు సైత మీ చిన్న ఇంజనులలో సాధారణముగా నుండదు. ఆ కొద్ది ఆయిలే దుమ్మును, మసిని, వేడిని భరింపవలెను. 50 గంటల కోతకో, సంవత్సరమునకో ఒకమారు, ఇంజను గోరువెచ్చగా నున్నప్పుడు తీసివేసి ఎస్.ఏ.ఇ. 30 రకము పోసినచో, ఇతర భాగములు శిథిలమైనను సిలిండరు చెడదు. తీసిన ఆయిలును సీసాలో పోసి, కారు సామానులు అమ్ము దుకాణములలో స్వీకరించు చోట ఇచ్చివేయవచ్చును.

ఇంజను బాగుపడినంతమాత్రమున కోత బాగుపడదు. మొద్దుబాఱిన కత్తి గడ్డిని కోయదు, చీల్చును. చీలిన కొనలు రెండు దినములలో గోధుమరంగునకు తిరిగి, నీళ్లు ఎన్ని పోసినను పచ్చిక వాడినట్లే కనబడును. యజమాని ఎరువులపై ధనము వెచ్చించును గాని యంత్రమును తలక్రిందు చేసి చూడడు. కత్తిని విప్పుటకు ముందు స్పార్కుప్లగ్గు తీగను ఊడబెఱికి దూరముగా కట్టివేయవలెను. ఏలయన కత్తిని చేతితో త్రిప్పినను ఇంజను తిరుగును, తిరిగిన ఇంజను పలుకనువచ్చును. ఇది తప్పనిసరి. యంత్రమును ప్రక్కకు వంచునప్పుడు గాలి ఫిల్టరు ఆకాశమువైపు ఉండునట్లు వంచవలెను. రెండవవైపునకు వంచినచో ఆయిలు ఫిల్టరులోనికి చేరి, మఱునాడు తెల్లని పొగతో పేట యంతయు నిండును. కత్తికిని, దానిని కప్పియుండు డెక్కునకును నడుమ చెక్కముక్క ఇఱికించి బోల్టు విప్పి, కత్తిని బిగింపులో పట్టి, పూర్వమున్న వాలునే అనుసరించి ఆకురాయితో ఒకే దిశగా రాయవలెను. కూరగాయలు తరుగు కత్తికున్నంత పదును అక్కరలేదు. అంత పలుచని అంచు మొదటి గులకరాతికే విఱుగును. రెండు వైపులను సమముగా అఱుగదీసితిమో లేదో తెలిసికొనుటకు గోడకు మేకు కొట్టి కత్తి నడిమి రంధ్రమును దానికి తగిలించి చూచిన చాలును. ఏ వైపు క్రిందికి వాలునో ఆ వైపు ఇంకను రాయవలెను. తూకము తప్పిన కత్తి యంత్రము నంతటిని వణకించి, బేరింగులను అరుగజేసి, బోల్టులను వదులు చేయును.

ఈ తూకమునకు ఇంత ప్రాధాన్యమేల యని సందేహించు వారు కత్తి వేగమును లెక్కించి చూడవలెను. 21 అంగుళముల కత్తి నిమిషమునకు 3,300 మారులు తిరిగినచో దాని కొన నిమిషమునకు సుమారు 18,000 అడుగులు, అనగా గంటకు 330 కిలోమీటర్లు పోవును. వేగమును అదుపుచేయు గవర్నరు స్ప్రింగును సాగదీసి ఇంజనును ఉఱకలు పెట్టించుట కొందఱకు సరదా, అది ప్రాణాంతకము. అమెరికాలో 1982 జూన్ 30 తరువాత తయారైన, వెనుక నడచుచు నడుపు యంత్రములలో, పిడికడ్డీని వదలిన 3 సెకనులలో కత్తి ఆగితీరవలెనని నియమము గలదు. ఆ కడ్డీని మాటిమాటికి పట్టుకొనలేక తాడుతో కట్టివేయువారిని నేను చూచితిని. పిల్లలాడు పెరటిలో అట్టి పని చేయుట క్షమింపరానిది. 1982కు పూర్వపు యంత్రము చేజిక్కినచో, దానియందు ఆ రక్షణ లేదని గుర్తించి, కోయుట కంటె ముచ్చటకై దాచుకొనుట మంచిది. మూసిన గరాజులో ఇంజనును నడుపరాదని, వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదని వేఱుగ చెప్పనక్కరలేదు.

బాగుచేయరాని యంత్రములును గలవు. షాఫ్టు వంగినచో, ఇంజను దిమ్మె పగిలినచో, డెక్కు తుప్పుపట్టి చిల్లులు పడి రాళ్లు బయటికి చిమ్మునట్లున్నచో, దానియందలి కార్బొరేటరును, చక్రములను, కాయిలును తీసి ఉంచుకొని మిగిలిన దానిని పాత ఇనుము క్రింద ఇచ్చివేయుటయే ఉచితము. పెట్రోలు కోతయంత్రముల కాలము ముగియవచ్చిన మాటయు సత్యమే. కాలిఫోర్నియా రాష్ట్రము 2021లో చేసిన శాసనము ననుసరించి 2024 నుండి అట్టి కొత్త ఇంజనుల అమ్మకమును అచట మాన్పించుచున్నారు. హోండా కంపెనీ 2023లో పెట్రోలు కోతయంత్రముల తయారీని అమెరికాలో నిలిపివేసినది. బాటరీ యంత్రములు చప్పుడు తక్కువ చేయును, పొగ విడువవు. చిన్న పెరడు గలవారు ఇకముందు వానినే కొనుట సమంజసము. కాని ఇప్పటికే తయారై, ఇనుమును అల్యూమినియమును ఖర్చుపెట్టి నిర్మింపబడి, గరాజులో నిలిచియున్న యంత్రమును ఇసుకరేణువు పాటి మడ్డి కొఱకు పారవేసి మఱొకదానిని కొనుట ఏ లెక్కను చూచినను దుబారాయే.

కావున పాఠకులకు నా విన్నప మిది. ఈ సంవత్సరము చివరికోత ముగిసిన నాడు టాంకులో మిగిలిన పెట్రోలును తీసివేసి, కార్బొరేటరులోని కొద్ది కూడ అయిపోయి ఇంజను తనంత తాను ఆగువరకు నడుపుడు. ప్లగ్గు రంధ్రమున ఒక చెంచా ఇంజనాయిలు పోసి రెండుమారులు తాడు లాగి ప్లగ్గును బిగింపుడు. వసంతమున పెట్రోలు కొన్నప్పుడు డబ్బామీద ఆనాటి తేదీని వ్రాసి, నెల దాటినదానిని యంత్రములో పోయకుడు.